బరంపురంలో చిరుధాన్యాల తిండి మేళా పెట్టాలంటే: గింజ వెతకడం నుంచి చెత్త ఎత్తేదాకా

"మీ వీధిలో పెట్టారట కదా, మా దగ్గరా పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలెట్టాలి?" అని ఈ చలికాలం అడిగినవాళ్ళు డజను దాటారు. పర్లాకిమిడి నుంచి ఇద్దరు, రాయగడ నుంచి ఒకరు, మిగతావాళ్ళంతా ఒడిశాలోని మా బరంపురంలోనే పక్క సాహిల (వీధుల) వాళ్ళు. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ఇక్కడ చెప్పేది ఒక పూట కార్యక్రమం. ఆదివారం ఉదయం, 300 మంది, నాలుగు వంటకాలు, గింజ అమ్మే రెండు మూడు బల్లలు. స్టేజీ లేదు. చిరుధాన్యాల గొప్పతనం గురించి రాయను. అది తెలిసినవాళ్ళే కదా ఇంతదూరం చదువుతారు.

## 1. ముందు ఒక్క సంగతి తేల్చుకోండి

వచ్చినవాళ్ళు ఇంటికి ఏం పట్టుకెళ్ళాలి? దీనికి జవాబు దొరికాకే మిగతా పనులు.

మేము మొదటిసారి పెట్టినప్పుడు స్టేజీ, షామియానా, సన్మానాలు అన్నీ ఉన్నాయి. జనం వచ్చారు, తిన్నారు, బావుందన్నారు. వారం తర్వాత అడిగితే ఒక్క ఇంట్లోనూ సామలు వండలేదు. ఎందుకంటే గింజ అక్కడ అమ్మలేదు, ఎన్ని నీళ్ళు పొయ్యాలో ఎవరూ చెప్పలేదు. రెండోసారి అరకిలో సామల పొట్లం, దాంతోపాటు అరచేతంత కొలతల చీటీ పెట్టాం. మూడు వారాలకి మా వీధి కిరాణా కొట్టాయన నన్నే ఆపి అడిగాడు: "సామలు ఎక్కడ దొరుకుతాయండీ, జనం అడుగుతున్నారు."

అందుకని ప్రతి ఖర్చు దగ్గరా ఇదే అడుక్కోండి. ఇది ఇంటికెళ్ళి వండుకోవడానికి పనికొస్తుందా? పనికిరాకపోతే కొట్టేయండి. పూలదండలు, శాలువాలు, స్వాగత తోరణం మా లిస్టులోంచి అలాగే పోయాయి.

## 2. తేదీ: ఇక్కడే సగం మంది బోల్తా పడతారు

అక్టోబరు వద్దు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర. పందిరి వేసి ఆకాశం చూస్తూ కూర్చునే టెన్షన్ మనకెందుకు?

కార్తీకం కూడా చిక్కే. ఒడియావాళ్ళ కార్తీకం పౌర్ణమితో అయిపోతుంది, మన కార్తీకం అమావాస్య దాకా నడుస్తుంది. అంటే ఒడియావాళ్ళ హబిస (ఒంటిపూట నియమ భోజనం), పంచుక (చివరి అయిదు రోజుల నిష్ఠ), మన సోమవారాల ఉపవాసాలు అన్నీ కలిపితే నెలన్నర దాకా ఎవరో ఒకరు "ఇవాళ తినను" అంటూనే ఉంటారు. ఆ తర్వాత వచ్చే మార్గశిరంలో గురువారాలు ముట్టుకోవద్దు. ఒడియా ఇళ్ళలో లక్ష్మీపూజ, ఆడవాళ్ళెవరూ బయటికి రారు. మనం పిలిచేది ముఖ్యంగా వాళ్ళనే.

డిసెంబరు చివరి ఆదివారం, జనవరి ఒకటి పిక్నిక్ రోజులు. ఊరంతా గోపాలపురంలోనో తప్తపానిలోనో ఉంటుంది.

మిగిలేవి డిసెంబరు రెండో, మూడో ఆదివారం, సంక్రాంతి దాటాక ఫిబ్రవరి సగం దాకా ఉండే ఆదివారాలు. కొండల్లో చోళ్ళ (రాగుల) కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి కాబట్టి కొత్త గింజ కూడా అప్పుడే దొరుకుతుంది. మా ఓటు జనవరి చివరి ఆదివారానికి. నవంబరు 10న ఒడిశాలో మండియా దిబస (చోళ్ళ దినం) జరుపుతారు. ఆ రోజు పెడదామనిపించడం సహజమే. కానీ ప్రభుత్వ కార్యక్రమాలూ అప్పుడే ఉంటాయి, మీకు కావలసిన మనుషులంతా అక్కడ ఉంటారు.

వేళ ఉదయం 8 నుంచి 11:30. ఆదివారం మధ్యాహ్నం ఈ ఊళ్ళో మటన్‌తో పోటీపడి గెలిచినవాడు లేడు. టిఫిన్ వేళకి పిలిచి, భోజనానికి ఇంటికి పంపెయ్యండి.

## 3. చోటు

బడి ఆవరణ అన్నిటికన్నా మంచిది. గోడ ఉంటుంది, ఆవులు లోపలికి రావు, మరుగుదొడ్డి ఉంటుంది. కల్యాణ మండపం అద్దె ఎక్కువ, పైగా పెళ్ళిళ్ళ సీజన్. చెరువు గట్టు ఫోటోలకి బావుంటుంది గానీ కడిగిన నీళ్ళు చెరువులోకి పోతాయి.

వెళ్ళి చూసినప్పుడు ఇవి చూడండి:

- కుళాయిలో ఉదయం ఎన్నింటికి నీళ్ళొస్తాయి, ట్యాంకు ఎంత పెద్దది
- కడిగిన నీళ్ళు పోయే కాలువ ఎటు ఉంది
- పది గంటలకి ఎండ ఎటు పడుతుంది (అదే వేళకి వెళ్ళి చూడాలి, సాయంత్రం చూస్తే లాభం లేదు)
- ఆటో లోపలిదాకా వస్తుందా
- పొయ్యిలు పెట్టే చోటుకీ జనం నడిచే దారికీ మధ్య పదడుగులైనా ఉందా

## 4. మనుషులు

300 మందికి 15 మంది చాలు. ఎక్కువైతే ఒకరి పని ఒకరు అనుకుని ఎవరూ చెయ్యరు.

- వంట: 4
- వడ్డన: 4
- గ్లాసులు కడగడం: 3
- చెత్త బుట్టల దగ్గర: 2
- కూపన్లు, డబ్బు: 1
- గింజ బల్లలు చూసుకోవడం: 1

వంటకి కేటరింగ్‌వాళ్ళని పెట్టొద్దు. వాళ్ళకి బిర్యానీ వచ్చు, సామలు రావు. మిషన్ శక్తి కింద పనిచేసే మహిళా సంఘాలు ఊరంతా ఉన్నాయి. అందులో చోళ్ళు వండినవాళ్ళు తప్పకుండా దొరుకుతారు. కూలీ ఇవ్వండి. సేవ అనిపించి ఊరికే చేయించుకుంటే రెండో ఏడు రారు, రాకపోవడం న్యాయమే.

చెత్త బుట్టల దగ్గర నిలబడే ఇద్దరినీ చివర్లో చూసుకుందాం అనుకోకండి. అందరికన్నా ముందు వాళ్ళని ఒప్పించండి. మేము ఇంటర్ చదివే పిల్లల్ని పెట్టాం. "అంకుల్, దొప్ప అటు, కాగితం ఇటు" అని వాళ్ళు చెబితే పెద్దవాళ్ళు సిగ్గుపడి వింటారు.

## 5. కాగితాలు

నెల ముందు మొదలెట్టండి. అర్జీ ఒడియాలో రాసి నాలుగు కాపీలు తీసుకోండి. ప్రతిచోటా ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

- మున్సిపల్ కార్పొరేషన్: ఘన వ్యర్థాల నిబంధనల్లో 2016 నుంచే ఉంది, లైసెన్సు లేని చోట వందమందికి మించి చేరే కార్యక్రమమైతే కనీసం మూడు పనిదినాల ముందు తెలపాలని. చెత్తను వేరుచేసి ఇచ్చే బాధ్యత కూడా మనదే.
- పోలీసు స్టేషను: మైకు ఉంటే రాతపూర్వక అనుమతి కావాలి. పొద్దున్న ఆరులోపు మైకు టెస్టింగ్ చెయ్యకూడదు.
- ఆహార భద్రత విభాగం: తిండి అమ్మే ప్రతి బల్లకీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి. సంఘాలకి చాలావాటికి ముందే ఉంటుంది. జిరాక్సు తీసి ఫైల్లో పెట్టుకోండి.
- బడి యాజమాన్యం ఒప్పుకున్నట్టు ఉత్తరం.

గ్యాసు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ తేవొద్దు, 19 కిలోల కమర్షియల్ తీసుకోండి. పొయ్యి దగ్గర మంట ఆర్పే సిలిండర్ ఒకటి, రెండు బకెట్ల ఇసుక.

## 6. గింజ

ఎక్కడ దొరుకుతుంది? గజపతి జిల్లాలో మోహనా, ఆర్. ఉదయగిరి, గుమ్మా వైపు సవర రైతులు చోళ్ళు, సామలు పండిస్తారు. ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో ఏడు జిల్లాల్లో 30 బ్లాకులతో మొదలైంది. గజపతి, రాయగడ, కొరాపుట్ అందులో ఉన్నాయి. ఇప్పుడు దాని పేరు శ్రీఅన్న అభియాన్. బ్లాకు వ్యవసాయ ఆఫీసులో అడిగితే రైతు సంఘం వాళ్ళ నంబరు ఇస్తారు. ఒకసారి మీరే వెళ్ళి చూడండి. ఆ ప్రయాణం దండగ కాదు.

ధర దగ్గర మరీ గీసి బేరం ఆడకండి. 2025-26కి చోళ్ళ మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు, అంటే కిలో 49 దగ్గర. దానికి తక్కువ ఇచ్చి తెచ్చి, ఇక్కడ "రైతుకి మేలు" అని బోర్డు కడితే చూసేవాళ్ళు నవ్వుతారు. శుభ్రం చేసిందైతే ఇంకా పైనే ఇవ్వాలి.

కొనేముందు చేత్తో చూడాల్సినవి:

- గుప్పెడు గింజ తెల్లటి పళ్ళెంలో పోసి చెరగండి. రాళ్ళు లెక్కపెట్టండి. గుప్పెట్లో రెండు రాళ్ళుంటే ఆ బస్తా వద్దు.
- సామలు మరీ తెల్లగా మెరుస్తుంటే పాలిష్ పట్టారని. కొంచెం మాసినట్టు, లేత గోధుమ రంగులో ఉండాలి.
- నీళ్ళలో వేసి కలపండి. పొట్టు ఊడని గింజ పైకి తేలుతుంది. చాలా తేలితే తిన్నవాళ్ళు ఉమ్మేస్తారు.
- వాసన చూడండి. పాత నూనె వాసనొస్తే పొట్టుతీసి చాలా రోజులైందని.

పొట్టుతీసిన సామలు, కొర్రలు రెండు మూడు నెలలకి మించి నిలవుండవు. గంటెల (సజ్జల) పిండి ఇంకా త్వరగా చేదెక్కుతుంది, మేళాకి మూడు రోజుల ముందు మాత్రమే ఆడించండి. చోళ్ళకి పొట్టు తీసే బాధ లేదు, ఏళ్ళ తరబడి ఉంటాయి. మొదటిసారి పెట్టేవాళ్ళు చోళ్ళు ఎక్కువ, మిగతావి తక్కువ పెట్టుకోమని నా సలహా.

రాయగడ, జయపురం వాళ్ళకి గింజ గుమ్మంలోకే వస్తుంది కాబట్టి ఈ భాగం దాటెయ్యొచ్చు. షోలాపూర్‌లో ఉన్న మనవాళ్ళు చోళ్ళ చోట జొన్నలు పెట్టుకోండి. అక్కడి మంగళవేఢా జొన్నకి జీఐ గుర్తింపు (ఊరి పేరుతో వచ్చే ప్రత్యేక గుర్తింపు) కూడా ఉంది, ఇంక వెతుక్కునే పని లేదు.

## 7. ఏం వండాలి, ఎంత వండాలి

నాలుగు చాలు. పన్నెండు రకాలు పెట్టినచోట నేను తిన్నాను. ఒక్కటీ వేడిగా లేదు.

మా నాలుగూ ఇవి: చోడి అంబలి, సామల పులిహోర, ఆకుకూర పప్పు, చోడి లడ్డు. ఒడియావాళ్ళకి అంబలి అంటే మండియా జావు, పప్పులో గుమ్మడి, బొప్పాయి ముక్కలు పడితే దాల్మా. ఎవరికీ కొత్తగా అనిపించదు.

300 మందికి లెక్క:

- అంబలి, మనిషికి 150 మిల్లీలీటర్లు, మొత్తం 45 లీటర్లు: చోడిపిండి 3 కిలోలు, బియ్యపు నూక 2 కిలోలు, మజ్జిగ 10 లీటర్లు, మిగతా నీళ్ళు
- సామల పులిహోర, మనిషికి 120 గ్రాములు: సామలు 11 నుంచి 12 కిలోలు
- ఆకుకూర పప్పు: కందిపప్పు 4 కిలోలు, ఏరి కడిగిన ఆకు 12 కిలోలు
- లడ్డు, ఒక్కోటి 25 గ్రాములు: చోడిపిండి 3.5 కిలోలు, బెల్లం 2.5 కిలోలు, వేరుశెనగ, నువ్వులు కలిపి కిలో, నెయ్యి అరకిలో పైన

ఆకుకూరల్లో మునగాకు (ఇక్కడ సజనా సాగ్), తోటకూర, బచ్చలి, తూటికూర ఏది ముందు రోజు సాయంత్రం తాజాగా దొరికితే అది. బడా బజారులో అడగండి. పేరు ముందే కరపత్రంలో అచ్చేసి ఇరుక్కోకండి.

అంబలి దగ్గర జాగ్రత్త. తేలిగ్గా చెడేది ఇదే.

ముందు రోజు సాయంత్రం అయిదింటికి చోడిపిండిని ఉండల్లేకుండా నీళ్ళలో కలిపి, మూత వదులుగా పెట్టి వదిలెయ్యాలి. స్టీలు గిన్నె గానీ మట్టికుండ గానీ. అల్యూమినియం వద్దు, పులుపు తగిలితే రుచి మారిపోతుంది. జనవరి చలిలో పులవడానికి 12 గంటలు పడుతుంది, ఎండాకాలమైతే 8 చాలు. పొద్దున్న మూత తీస్తే పైన సన్నటి బుడగలు, కింద పిండి పేరుకుని, పైన తేట. ముక్కు దగ్గర పెడితే పెరుగు పుల్లదనం లాంటి వాసన రావాలి, ఘాటుగా ముక్కుకి కొట్టకూడదు. ఘాటుగా ఉంటే పైన తేట వంచేసి అంతే కొత్త నీళ్ళు పొయ్యండి, సర్దుకుంటుంది. అప్పటికీ ఘాటు పోకపోతే పారబోసి, పులవని పిండితోనే కాచి మజ్జిగ కొంచెం ఎక్కువ పొయ్యండి.

నూక ముందు మెత్తగా ఉడకాలి. వేలితో నలిపితే పలుకు తగలకూడదు. అప్పుడు పిండినీళ్ళు సన్నటి ధారగా పోస్తూ ఇంకొకరు గరిటె ఆపకుండా తిప్పాలి. ఒక్కరే పోసి ఒక్కరే తిప్పితే ఉండ కడుతుంది, చూస్తూ ఉండండి. పావుగంట ఉడికాక రంగు ముదురుతుంది, పచ్చివాసన పోతుంది. గరిటెకి పట్టిన జావని తుడిచి నాలుక మీద వేసుకోండి. ఇసుకలా తగిలితే ఇంకో అయిదు నిమిషాలు.

మూడు గిన్నెల్లోకి పంచండి. ఒకటి నీళ్ళ తొట్టిలో పెట్టి చల్లార్చి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ కలపండి. మిగతా రెండూ మూతపెట్టి వేడిగానే ఉండాలి, మొదటిది సగం అయినప్పుడు రెండోది చల్లార్చండి. మజ్జిగ అన్నిటిలో ఒకేసారి కలిపితే పదకొండింటికి పుల్లటి నీళ్ళు మిగులుతాయి.

సామలు. కడిగి గంట నానబెట్టాలి. ఒక గ్లాసు సామలకి ఇంట్లో రెండున్నర గ్లాసుల నీళ్ళు. పెద్ద గిన్నెలో ఆవిరి తక్కువ పోతుంది కాబట్టి రెండుంబావు. నీళ్ళు మరిగాకే గింజ వెయ్యాలి, సన్నటి సెగ, చివర్లో పది నిమిషాలు మూత తియ్యకుండా వదలాలి. ఒక్కో గిన్నెలో ఆరు కిలోలు మించొద్దు. మించితే కింద ముద్ద, పైన పలుకు. రెండు వాయిలుగా వండండి, రెండోది తొమ్మిదింబావుకి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి కూడా వేడిగా దొరుకుతుంది.

వండింది ఏదైనా 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా రెండు గంటల్లో అయిపోవాలి. వంద రూపాయల చిల్లర ఆదాకి చూడకుండా ఒక థర్మామీటర్ కొనండి.

వారం ముందు ఇరవై మందికి ఇవే నాలుగూ వండి చూడాలి. పెద్ద గిన్నెలతోనే. ఇంట్లో కుక్కర్లో చేసి బావుందనుకుంటే అది పరీక్ష కాదు.

## 8. విస్తళ్ళు, గ్లాసులు, నీళ్ళు

ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు 2022 జులై 1 నుంచే దేశమంతా నిషేధం. వంద మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు, అలంకరణ థర్మకోలు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. బ్యానరు గుడ్డ మీద రాయించండి, తేదీ వెయ్యకుండా. నాలుగేళ్ళు వస్తుంది.

ప్లేట్లకి మనకి అడ్డాకు ఉంది. ఒడియావాళ్ళు సియాలి పత్రం అంటారు. మనిషికి మూడు దొప్పలు లెక్కేసి వెయ్యి తీసుకోండి. ఒక హెచ్చరిక: మిషన్ మీద నొక్కిన ఆకు ప్లేట్లలో కొన్నిటికి అడుగున మెరిసే పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. కట్ట విప్పి ఒకటి చింపి చూడండి. మేము చూడకుండా కొని, కంపోస్టు గుంటలోంచి ఆ పొరలు చేత్తో ఏరాం.

అంబలికి స్టీలు గ్లాసులు టెంట్ హౌస్ నుంచి 150. పది రూపాయలు డిపాజిట్ తీసుకుని గ్లాసివ్వండి, తిరిగిస్తే డబ్బు వెనక్కి. కడగడానికి మూడు తొట్లు: సబ్బునీళ్ళు, మంచినీళ్ళు, వేడినీళ్ళు. వేడినీళ్ళ తొట్టి గంటకోసారి మార్చాలి.

తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 12. నీళ్ళ ప్యాకెట్లు ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా వద్దనండి. ఒకాయన నాలుగు బస్తాలు మనసారా పంపించాడు. ఆ రోజు మా ప్లాస్టిక్ చెత్తంతా అదే.

## 9. బోర్డులు

బరంపురంలో మన పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదివేది ఒడియా, ఇంగ్లీషు. అమ్మమ్మలు తెలుగు చదువుతారు. కాబట్టి ప్రతి బోర్డు మీద తెలుగు, ఒడియా రెండూ ఉండాలి, ఒకే సైజులో. "రాగులు" అని పుస్తకం మాట ఒక్కటే రాస్తే మా మామ్మ వయసువాళ్ళు అదేమిటని అడుగుతారు. చోళ్ళు అని రాయండి, పక్కన మండియా. సామలకి సువాన్, కొర్రలకి కంగు.

బోర్డు మీద వంటకం పేరు, అందులో ఏమేం ఉన్నాయి. వేరుశెనగ, నువ్వులు, పాలు ఉంటే పెద్దక్షరాల్లో, పడనివాళ్ళుంటారు.

"షుగరు తగ్గుతుంది", "క్యాన్సర్ రాదు" లాంటివి రాయొద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 2006 ఆహార భద్రత చట్టం కింద పది లక్షల దాకా జరిమానా ఉంది. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉందని రాయండి, నిజం, చాలు. ఇంకోటి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి చుట్టాలు వస్తుంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిందే. చోళ్ళలో పొటాషియం, ఫాస్ఫరస్ ఉంటాయి. "కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టరుని అడిగి తినండి" అన్న ఒక్క వాక్యం అంబలి దగ్గర పెట్టండి.

## 10. గింజ బల్లలు

రెండు మూడు చాలు. పొట్లాలు కాగితం కవర్లలో అరకిలో చొప్పున. ఐదు కిలోల సంచి ఎవరూ కొనరు, తెలియని గింజ కదా.

"మిల్లెట్ బిస్కెట్లు" అమ్ముతామని వచ్చేవాళ్ళుంటారు. ప్యాకెట్ తిప్పి దినుసుల లిస్టు చూడండి. బరువు ఎక్కువ ఉన్నది ముందు రాయాలని రూలు. మొదటి పేరు మైదా, రెండోది చక్కెర అయితే నమస్కారం పెట్టి పంపెయ్యండి. అలాంటిది ఒకటి మేము ఒప్పుకున్నాం, మొహమాటం. తిన్నవాళ్ళకి అన్నిటికన్నా అదే నచ్చింది, అదీ బాధ.

బల్ల పక్కనే వండి చూపించాలి. చిన్న కుక్కరు, ఒక గ్లాసు సామలు, అరగంట. ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు గుమిగూడి "నీళ్ళు ఇంతేనా అమ్మా, మెత్తగా కావాలంటే?" అని అడిగే ఆ చోటే మొత్తం మేళాకి ప్రాణం. మైకు అక్కడికి తేవొద్దు.

కొలతల చీటీలో ఇవి ఉంటే చాలు:

- నానబెట్టే సమయం
- ఒక గ్లాసుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు
- కుక్కరైతే ఎన్ని విజిల్స్ (మీ కుక్కర్లో వండి చూసి రాయండి)
- గింజ మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది

## 11. ఆ రోజు వరుస

ముందు రోజు:

- మధ్యాహ్నం: సామలు చెరిగి రాళ్ళు ఏరడం, లడ్లు కట్టడం
- సాయంత్రం 5: చోడిపిండి కలపడం
- సాయంత్రం 6: ఆకుకూర ఏరడం, కడిగి ఆరబెట్టడం. తరగడం మాత్రం పొద్దున్నే.

ఆ రోజు:

- 4:30 పొయ్యిలు వెలిగించడం
- 5:15 నూక ఎసట్లో
- 6:00 అంబలి
- 6:15 సామలు నానబోత
- 6:30 పప్పు, చింతపండు పులుసు
- 7:15 సామల మొదటి వాయి
- 7:45 పనివాళ్ళందరూ తినెయ్యాలి. ఆకలితో వడ్డించేవాళ్ళకి చిరాకు వస్తుంది.
- 8:00 కూపన్లు
- 8:15 రెండో వాయికి సామలు నానబెట్టడం
- 9:15 రెండో వాయి
- 9:30, 10:30 వండి చూపించడం
- 11:00 కూపన్లు ఆపేయడం
- 11:30 వడ్డన బంద్
- 12:30 ఆవరణ ఊడ్చి తాళం

తిండి ఉచితంగా పెట్టకండి. చిన్న మొత్తమైనా కూపన్ ఉంటే విస్తట్లో వదిలెయ్యరు, మీకూ లెక్క తెలుస్తుంది. చిన్నపిల్లలకి, వీధి ఊడ్చే అమ్మలకి మాత్రం కూపన్ అడగం.

## 12. చెత్త

మూడు బుట్టలు ఒకేచోట ఉండాలి. ఆకుపచ్చ: దొప్పలు, మిగిలిన తిండి. నీలం: కాగితం, అట్ట, పొరపాటున వచ్చిన ప్లాస్టిక్. ఎరుపు: బ్యాటరీల్లాంటి ప్రమాదకరమైన చెత్త. మూడు చోట్ల ఇలాంటి మూడేసి బుట్టలు. ఒంటరి బుట్ట ఎక్కడున్నా అందులో అన్నీ పడతాయి, అందుకని బడి సొంత డబ్బాల్ని కూడా ఆ పూటకి లోపల పెట్టేయండి.

తడిచెత్త కార్పొరేషన్ మైక్రో కంపోస్టింగ్ కేంద్రానికి పోయేలా ముందే మాట్లాడుకోవాలి. ఎవరి బండి, ఎన్నింటికి, డ్రైవరు ఫోను నంబరు. "వస్తారులే" అనుకుంటే సోమవారం పొద్దున్న బడి హెడ్మాస్టారి ఫోను వస్తుంది.

చివర్లో వేలాడే త్రాసుతో బుట్టలు తూయండి, రాసిపెట్టుకోండి. వచ్చే ఏడు ఏం తగ్గించాలో ఆ కాగితమే చెబుతుంది.

## 13. జరిగే పొరపాట్లు, అప్పటికప్పుడు చెయ్యగలిగినవి

- ముఖ్య అతిథి ఆలస్యం. మాకు ఒకసారి గంటన్నర. తిండి చల్లారింది, జనం వెళ్ళిపోయారు. ఇప్పుడు ఎవరినైనా తినడానికే పిలుస్తాం, ప్రారంభించడానికి కాదు.
- సామలు పలుకుగా ఉన్నాయి. వేడినీళ్ళు చిలకరించి, తడిబట్ట కప్పి, మూతపెట్టి పది నిమిషాలు. చన్నీళ్ళు పొయ్యొద్దు.
- సామలు ముద్దయ్యాయి. పులిహోర ఆశ వదులుకుని పప్పు కలిపి కిచిడీ చెయ్యండి. బోర్డు మార్చడం మరిచిపోకండి.
- అనుకున్నదానికన్నా జనం ఎక్కువ. దొప్పలో పరిమాణం తగ్గించకండి, కూపన్లు ఆపండి. సగం సగం తిన్నవాళ్ళు బావుందని చెప్పరు.
- జనం తక్కువ. తొమ్మిదింటికే తేలిపోతుంది. రెండో వాయి వండకండి. అప్పటికే నానినవి నీళ్ళు వడకట్టి ఫ్రిజ్‌లో పెడితే రాత్రికి పనివాళ్ళ ఇళ్ళలో ఉపయోగపడతాయి.
- లడ్డు విడిపోతోంది. పిండి సరిగ్గా వేగలేదు, లేదా బెల్లం ఆరిపోయింది. గోరువెచ్చని నెయ్యి రెండు చెంచాలు వేసి మళ్ళీ కట్టండి. పాలు పోస్తే సాయంత్రానికి పాడవుతుంది.

## 14. తర్వాతి వారం

లెక్క మూడు రోజుల్లో తేల్చి, రైతుకీ సంఘానికీ డబ్బు ముందు ఇచ్చెయ్యండి. టెంట్ హౌస్ ఆయన వారం ఆగగలడు.

పొట్లం కొన్నవాళ్ళలో పదిమంది ఫోను నంబర్లు అడిగి తీసుకోండి. పది రోజుల తర్వాత ఫోను చేసి ఒకే ఒక్క ప్రశ్న: "వండారా?" వండలేదంటే ఎందుకని అడగండి. మాకు ఎక్కువగా వచ్చిన జవాబు, "ఇంట్లో ఆయన తినరు." దానికి రెండో ఏడు పులిహోరలో ఇంగువ, మిరపకాయలు పెంచాం, బరంపురం అప్పడం ఒకటి పక్కన పెట్టాం. ఆరోగ్యం సంగతి దేవుడెరుగు, ఆయన రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మీ వీధి కిరాణా కొట్టులో సామలు, చోడిపిండి పెట్టించండి. మొదటి పది కిలోలు అమ్ముడు కాకపోతే మేమే తిరిగి తీసుకుంటామని మాటివ్వండి. మేము ఇచ్చాం. నాలుగు కిలోలు తిరిగొచ్చాయి, మా ఇళ్ళలోనే పంచుకున్నాం. తర్వాతి నెల ఆయనే ఇంకో పది కిలోలు తెప్పించుకున్నాడు.

గ్లాసులు లెక్కపెట్టి అప్పజెప్పేటప్పుడు మాత్రం టెంట్ హౌస్ ఆయన ఎదురుగానే లెక్కపెట్టండి. మావి మూడు తక్కువ వచ్చాయి. డిపాజిట్ డబ్బు ముప్ఫై మా దగ్గరే ఉంది, ఆయన నూట యాభై అడిగాడు.